వడగళ్ళు తడపవు

రుగాశు ఊళ్ళో ఇప్పటికీ కొందరు అంటూనే ఉంటారు, "పాలాగ గెలవలేదు, ఆ నస్తాకే వదిలేసింది" అని. ఆ నస్తాకను నేనే. అన్నవాళ్ళ నోట్లో మన్ను పడ! నేను వదిలేసే రకమా? కాపురం చేసినన్నాళ్ళూ సంకటి మీది ఆఖరి మీగడ చుక్క మా ఆయనకు వదిలిన పాపాన పోలేదు. అలాంటిదాన్ని మబ్బుల పందెంలో గెలుపు వదిలేశానంటే నమ్మేవాళ్ళకు బుద్ధైనా లేకపోవాలి, నన్ను ఎప్పుడూ చూడకనైనా ఉండాలి.

అందుకే పాలాగ సంగతి నేనే చెబుతాను. నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు, ఉన్నా వాళ్ళకు నాలా చెప్పడం రాదు.

పాలాగను సిగెట్ సంతలో చూస్తే మీరు రెండోసారి తల తిప్పరు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, నల్ల తలగుడ్డ, ముందు గొర్రెపాల జున్ను గంప. ధర ఒక్కసారే చెబుతుంది. ఇష్టముంటే కొనాలి, లేకపోతే పక్కకు జరగాలి. పాట రాదు, ఆట రాదు, పెళ్ళిళ్ళలో మూల కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటుంది. ఎడమ కనుబొమ మీద పప్పుగింజంత మచ్చ ఒకటి ఉంది. ఆ మచ్చ నేను పెట్టిందే. దాని దగ్గరికి వస్తాను, తొందరపడకండి.

పాలాగ మబ్బు కాపరి. గొర్రెలను కాచేవాడు గొర్రెలను ఎలా తోలుతాడో, మేము మబ్బులను అలా తోలుతాం. వడగళ్ళ మబ్బు వస్తే గడ్డి మీద, ఆల్‌బుకారా తోటల మీద పడనీయకుండా ఊరవతల రాళ్ళ గుట్టకు మళ్ళించాలి. ప్రతి లోయకూ ఒక కాపరి. శరత్కాలంలో ఇంటికి ఇన్ని గుడ్లు, ఇంత ఉన్ని ఇస్తారు. ఆ ఏడు వడగళ్ళు పడితే గుడ్లు ఉండవు, తిట్లు మాత్రం ఉంటాయి.

ఈ విద్య నేర్పే బడి కొండ మీద మడుగు పక్కన ఉండేది. చదువు ఏడేళ్ళు. నేను, పాలాగ ఒకే అటక మీద పడుకునేవాళ్ళం, ఒకే గిన్నెలో తినేవాళ్ళం. ఆమె బడికి వచ్చిన రోజు నడుముకు మెలి తిరిగిన పాత తాడు ఒకటి కట్టుకుని వచ్చింది.

"ఏమే, నీకు నడికట్టు కూడా దొరకలేదా?" అన్నాను నవ్వుతూ.

"గంట తాడు," అంది. అంతే.

ఆమె తండ్రి గవ్రిలా రుగాశు చర్చిలో గంట కొట్టేవాడు. ఆ ఊరి పాత కాపరి చనిపోయాక ఇంకెవరూ రాలేదు. ఆ లోయ ఇరుకు, కొండల సందులో మబ్బు వచ్చి ఇరుక్కుంటే కదలదు. కోరి అక్కడికి ఎవరొస్తారు? కాపరి లేని ఊళ్ళో వడగళ్ళు వస్తే గంట కొట్టడం ఒక్కటే దారి. ఒక ఎండాకాలం గవ్రిలా అలా గంట కొడుతుండగానే చెక్క గోపురం మీద పిడుగు పడింది. తాడు అతని చేతిలోనే ఉంది. ఆ తర్వాత వడగళ్ళు గడ్డినంతా తొక్కేశాయి, చలికాలానికి మేత లేక వాళ్ళ ఆవును కోసుకు తిన్నారు. ఆ పూట పాలాగ ముద్ద ముట్టలేదట. నాకు ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పింది, అది కూడా మొదటి చలికాలం గడిచాక.

కాబట్టి ఆమెకు కావలసింది ఒక్కటే. చదువు ముగించి రుగాశుకు కాపరిగా వెళ్ళాలి. మామూలుగా అది కుదరదు. ఎవరు ఏ లోయకు వెళ్ళాలో సిలివాన్ మేష్టారు నిర్ణయిస్తారు, పుట్టినూరికి మాత్రం ఎవరినీ పంపరు. సొంతూళ్ళో కాపలా పెడితే, పక్కవాడి చేను మీదికి నాలుగు రాళ్ళు తోలవే అని మేనమామలు పీక్కుతింటారు. ఈ కట్టుబాటుకు ఒక్కటే మినహాయింపు: ఆఖరి ఏడు జరిగే మబ్బుల పందెంలో గెలిచినవాళ్ళు తమకు కావలసిన లోయ కోరుకోవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, మా బడిలో రచ్చ గెలిస్తే తప్ప ఇల్లు దక్కదు.

ఇంకో మాట కూడా మేష్టారు మొదటి ఏడు నుంచీ మా చెవుల్లో పోసేవారు. "మబ్బుకి గెలిచినోళ్ళ గొంతు తెలుసర్రా. జాలిపడి ఎవరైనా పందెం వదిలేశారనుకోండి, ఆ లోయ వదిలేసినోళ్ళ మాటే వింటది గానీ, పుచ్చుకున్నోళ్ళ మాట వినదు. ఇచ్చినోడికీ సుఖం లేదు, తీసుకున్నోడికీ లేదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగిన గొడవంతా దీని చుట్టూనే.

పందెం సెయింట్ ఇలియా పండగ రోజున జరుగుతుంది. ఉరుముల సాధువు పండగ కాబట్టి ఆ రోజు ఎవరూ గడ్డి పని ముట్టరు, పిడుగు పడుతుందని భయం. బీళ్ళన్నీ ఖాళీ. ఊరి ఆడవాళ్ళు గుమ్మడి గింజలు ఒడిలో పోసుకుని గట్టు మీద కూర్చుంటారు. ఎవరి బీడులో పందెమైతే ఆ బీడు గలావిడే తీర్పరి. పందెగాళ్ళిద్దరూ ముందు ఆమె దగ్గరికి వెళ్ళి, ఉప్పద్దిన రొట్టె ముక్క ఆమె చేతి నుంచి తిని, "నీ గడ్డి పొడిగా ఉంచుతాం" అని చెప్పాలి. ఉంచలేకపోతే, తడిపినవాళ్ళే మర్నాడు దాన్ని తిరగేసి ఆరబెట్టాలి.

పందెం తేలిక. ఇద్దరూ గొర్రెతోలు కోట్లు ఉన్ని పైకి ఉండేలా తొడుక్కుని, చెరో గుండ్రంలో నిలబడాలి. మడుగు నుంచి చెరో మబ్బును భూర్జ బెరడు కళ్ళెంతో పట్టుకు రావాలి. ఎవరి కోటు తడిస్తే వాళ్ళు ఓడినట్టు. గుండ్రం దాటినా ఓడినట్టే.

పొద్దున జరిగిన జతల్లో చెప్పుకోదగ్గది ఒక్కటే. సిగెట్ నోటరీ కొడుకు ఒక్తావ్ పట్టు కాలరు పెట్టుకొచ్చి, మబ్బును గుర్రంలా గిర్రున తిప్పబోయాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అతని మబ్బు ఎదుటి మనిషిని వదిలి అతని నెత్తిమీదే కురిసింది. ఎదురుగా ఉన్నది నేనే. నేను వేలు కూడా కదపలేదు. ఆడవాళ్ళు పొట్ట పట్టుకు నవ్వారు. ఒక్తావ్ మాత్రం ఆ నవ్వు మరిచిపోలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరమే మిగిలాం. నేను, పాలాగ.

గడ్డికుప్ప నీడలో కూర్చుని సంకటి, రొట్టె, జున్ను తింటున్నాం. నా నోట్లో నువ్వుగింజ నానదు, అయినా ఆ పూట సంకటి ముద్దలు మింగుతూ కూర్చున్నాను. పాలాగే మొదలుపెట్టింది.

"ఒసే, నాకేసి చూడు. తగ్గుదామనుకుంటున్నావు కదూ?"

"ఎవరు, నేనా?"

"నువ్వే. పొద్దున్నించి నీ మొహం ఉడకేసిన దుంపలా ఉంది."

"పాలాగా, నాకు సిగెట్ లోయ వచ్చినా రాకపోయినా ఒకటేనే. సంత బాగుంటుందని అడుగుదామనుకున్నా, అంతే. నీకైతే..."

"నోర్ముయ్." రొట్టె ముక్క తుంచి నా అరచేతిలో పెట్టింది. "దీని మీద ఒట్టెయ్. ఒంట్లో ఉన్నదంతా పెట్టి కొడతానని ఒట్టెయ్. నువ్వు జాలిపడి లోయ నాకిస్తే అది నా మాట వినదు. నేను గుట్ట మీద నిలబడి అరుస్తుంటాను, కింద ఊరు మునుగుతుంటుంది. మా అయ్య అలాగే పోయాడు, చేతిలో తాడు పట్టుకుని. నాకు దానం వద్దు."

"మరి నేను గెలిస్తే?"

"గెలిస్తే గెలిచావు. నీ మొహానికి అంత వస్తే చూద్దాం."

ఆ ఆఖరి మాట నాకు కారం రాసినట్టు తగిలింది. మబ్బు తోలడంలో బడి మొత్తానికి మొదటిదాన్ని నేను, మొహానికి వస్తే అంటుందా! రొట్టె మీద ఒట్టేసి, ఆ ముక్క మింగేశాను.

ఆఖరి జత సవేత అవ్వ బీడులో. నడుమ గడ్డికుప్పల వరస, అటు ఆమె, ఇటు నేను. నా మబ్బు నాలాగే చురుకైనది, ఒకచోట నిలవదు. పాలాగది నల్లగా, బరువుగా, తిండెక్కువైన గేదెలా ఉంది. నేను కుడి నుంచి వచ్చాను, ఎడమ నుంచి వచ్చాను, కుప్పల వెనక నక్కి ఒక్కసారిగా పైకి లేపాను. ఎటు నుంచి వచ్చినా ఆమె తన మబ్బును కొంచెం పక్కకు జరిపి, పాలు పితికేటప్పుడు అడ్డొచ్చిన దూడను మోచేత్తో నెట్టినట్టు నా మబ్బును నెట్టేసేది. చుక్క పడనివ్వలేదు. తనుగా ఒక్కసారీ మీదికి రాలేదు. పొద్దు వాలుతోంది.

గట్టు మీద నుంచి ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"ఏమర్రా, పందేనికొచ్చారా, పెళ్ళిచూపులకొచ్చారా?"

"ఆ చురుకుపిల్లకి తిరగడమే వచ్చు, కురవడం రాదులే!"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాటతో అది నెత్తికెక్కింది. కళ్ళెం వదులు చేసి మబ్బును పైకి, ఇంకా పైకి పంపాను, చలి ఉండే ఎత్తుకు. అక్కడ అది గడ్డకట్టింది. నా లెక్క ఇది: ముఖం మీద రాయి పడితే ఎవరైనా చేతులు పైకెత్తుతారు. చెయ్యెత్తితే కళ్ళెం జారుతుంది. కళ్ళెం జారితే ఆమె నల్ల గేదె ఆమె నెత్తిమీదే కురుస్తుంది. ఒక్తావ్‌కు పట్టిన గతే. చాలా మంచి ఎత్తు, ఇప్పటికీ అంటాను.

రాళ్ళు వదిలాను. కోడిగుడ్డంతవి. మొదటిది ఆమె కనుబొమ మీద తగిలింది. చప్పుడు నాకు వినబడింది. ముఖం నిండా రక్తం. పాలాగ ఆ కన్ను మూసింది, రెండోది తెరిచే ఉంచింది. చేతులు కళ్ళెం మీద నుంచి లేవలేదు. రాళ్ళు ఆమె ఉన్ని కోటు మీద పడి, ఎగిరి, చుట్టూ గడ్డిలో రాలాయి. చూస్తుండగానే నా మబ్బు ఖాళీ అయిపోయింది, ఉతికి ఉతికి పలచబడ్డ గుడ్డలా గాలికి పోయింది. ఉన్న నీళ్ళన్నీ రాళ్ళు చేసి విసిరేశాను, చుక్క మిగల్లేదు.

అప్పుడు కదిలింది ఆమె మబ్బు. తీరిగ్గా నా మీదికి వచ్చింది. గుండ్రం దాటకూడదు, ఎటు పోను? నిలబడి తడిశాను. ముంత బోర్లించినట్టు పోసింది.

సవేత అవ్వ చేతులు నడుముకు కట్టిన గుడ్డకు తుడుచుకుని లేచింది. ముందు పాలాగ దగ్గరికి వెళ్ళి, ఉన్ని మీది మంచు ముక్కలు దులిపి, లోపల అరచెయ్యి పెట్టి చూసింది. "పొడి," అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. నీళ్ళు ఆమె మోచేతి దాకా కారాయి.

"తడిసింది."

మేష్టారు అడిగితే పాలాగ "రుగాశు" అంది. రక్తం ఇంకా కారుతోంది. నేను పరిగెత్తి వెళ్ళి నా తలగుడ్డ చించి కట్టు కట్టాను. ఏడ్చాను కూడా. ఆమె గెలిచిందని కొంత, నేను ఓడానని ఎక్కువ. దాచడం దేనికి?

ఆ సాయంత్రమే ఒక్తావ్ నోరు విప్పాడు. "వడగళ్ళు తడపవని మొదటి ఏడు పిల్లకి కూడా తెలుసు. బడికంతా మొదటిదైన నస్తాకకి తెలీదా? పోన్లే పాపం అని వదిలేసింది." అందరూ తలలాడించారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తన ఓటమికి కూడా అందులో కాస్త ఊరట వెతుక్కున్నాడు, వెధవ. నేను అరిచి గీపెట్టిన కొద్దీ, చూశారా ఎలా దాస్తోందో అన్నారు. మర్నాడు నా రాళ్ళకు నలిగి తడిసిన గడ్డిని పంగలకర్రతో తిరగేస్తుంటే, పాలాగ కట్టుతోనే వచ్చి నా పక్కన పనిలోకి దిగింది. ఒక్కసారి ఆగి నాకేసి చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

తర్వాత ఎవరి బతుకు వాళ్ళది. మేష్టారు నన్ను సోమెష్ ఏటి ఒడ్డు మైదానానికి పంపారు. క్యాబేజీ, పొద్దుతిరుగుడు, బల్లపరుపు నేల. పీపాలు చేసే మంచివాణ్ణి కట్టుకున్నాను, బాగానే బతికాను. పాలాగ రుగాశులో మిల్లువాడు మీత్రును చేసుకుంది. మంచి పిండి ఆడతాడు గానీ ఉరుమంటే వణుకు. ఉరిమిందంటే పిండి బస్తాల వెనక దూరతాడు. "మబ్బు కాపరికి మొగుడై ఇదేం చోద్యమయ్యా?" అంటే, "ఇంట్లో ఒకరికి ధైర్యం ఉంటే చాలదూ!" అంటాడు.

పాలాగ పొద్దున్నే లేచి ఆకాశం చూసి, ఆవు పితికి, మళ్ళీ ఆకాశం చూసేది. మబ్బులతో ఆమె మాట్లాడే తీరు పొరుగింటి కోళ్ళతో మాట్లాడినట్టే. "ఏయ్, ఎటొచ్చావ్? నీకిక్కడేం పని? అటు పో!" అవి పోయేవి. ఊళ్ళో గడ్డి పెరిగింది, తోటలు కాశాయి, కొత్త గోపురం లేచింది. గంటకు కొత్త తాడు కట్టారు. పాతది పాలాగ నడుముకే ఉంది.

నేను ఏటా ఆల్‌బుకారాలు పండే రోజుల్లో వెళ్ళేదాన్ని. ఒక ఏడు ఇద్దరం పెరట్లో పెద్ద రాగి బాన పెట్టి, పళ్ళు ఉడికించి కలుపుతున్నాం. పాలాగ గరిటె ఆపింది.

"నస్తాకా, ఒక్క మాట నిజం చెప్పవే. ఆ రోజు వదిలేశావా?"

నాకు చెవుల్లో గుయ్యిమంది. ఊరంతా అన్నది చాలదూ? ఇది కూడానా?

"నీకు మతిపోయిందా? రొట్టె మీద ఒట్టేశాను కదే!"

"ఒట్టేసిన నోరే కదా, నిన్న మా ఆయన దగ్గర నా పులుసు బాగుందంది."

"అది మర్యాదే! ఇది పందెం!"

"పెద్ద మబ్బు ఇంతవరకూ రాలేదే." గరిటె కేసి చూస్తూ అంది. "వచ్చినవన్నీ చిన్నవి. చిన్నవి కుక్క మొరిగినా పోతాయి. మా అయ్యను చంపినలాంటిది వస్తే నా మాట వింటుందో లేదో నాకు తెలీదు. రోజూ పొద్దున్నే లేచి అదే చూస్తాను. ఇన్నేళ్ళూ వీళ్ళ గుడ్లు తిన్నాను, వీళ్ళ ఉన్ని కట్టుకున్నాను. ఈ లోయ నాది కాదేమో."

అంతకుముందు ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. జాలేసి ఉండాల్సింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చేతిలో గరిటె బానలో విసిరి, తినకుండా బండెక్కి వెళ్ళిపోయాను. దారంతా తిట్టుకున్నాను. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను, వెళ్ళక ఏం చేస్తాను? ఆ మాట మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు. అయినా అది మా మధ్య కంచంలో రాయిలా ఉండిపోయింది.

నా జుట్టు సగం నెరిసిన ఏడు, గడ్డి కోతల్లో కబురొచ్చింది. పాలాగ చెట్టెక్కి కొమ్మలు నరుకుతూ పడిందట, కాలు విరిగిందట. వెళ్ళాను. కట్లు కట్టేవాడు తొడ దాకా బద్దలు వేసి, కదిలితే జీవితాంతం కుంటేనని చెప్పి పోయాడు. ఆమె కిటికీ పక్కన పడుకుని కనబడినవాళ్ళందరికీ పనులు పురమాయిస్తోంది. నేను మీత్రుతో గడ్డికి వెళ్ళొచ్చాను.

ఆ మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఈగలు గోడలకు అతుక్కున్నాయి. లోయ మొగలో మబ్బు లేచింది. పైన నలుపు, కడుపు కింద పాచి పచ్చ. అలాంటిది నేను నా మైదానంలో ఎప్పుడూ చూడలేదు. కోసిన గడ్డంతా బీళ్ళ మీద పరిచి ఉంది, చెట్ల మీద కాయ నిండుగా ఉంది. మీత్రు బస్తాల వైపు చూశాడు.

పాలాగ దిండు కింద నుంచి భూర్జ కళ్ళెం తీసి నా చేతిలో పెట్టింది. "వెళ్ళవే."

"ఇది నీ లోయ. నా మాట వినదు."

"వింటే?"

నేను కళ్ళెం వేళ్ళకు చుట్టుకున్నాను.

"వింటే మంచిదేగా, ఊరు దక్కుతుంది," అంది. గొంతు మామూలుగానే ఉంది, ముఖం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. "మనసు పెట్టి తోలు నస్తాకా. నా మొహం చూసి తగ్గకు. ఇక్కడ పిల్లలున్నారు."

కోటు తొడుక్కుని ఊరి వెనక గుట్ట ఎక్కాను. ఎక్కుతుంటే గుండె రెండు ముక్కలైంది. మబ్బు నా మాట వింటే ఊరు బతుకుతుంది, పాలాగ బతుకంతా అబద్ధమైపోతుంది. వినకపోతే పాలాగది నిజమవుతుంది, గడ్డి, కాయ, చలికాలం మేత అన్నీ పోతాయి. దేవుడా, ఎవరికీ వద్దు అలాంటి ఎక్కడం.

కానీ ఒకటి చెబుతాను. నేను తగ్గలేదు. ఆ బీళ్ళలో పొద్దున నా చేత్తో పరిచిన గడ్డి ఉంది. నేర్చుకున్న ప్రతి పిలుపూ పిలిచాను, ప్రతి పట్టూ పట్టాను. చేతులు బొబ్బలెక్కేలా కళ్ళెం లాగాను. సోమెష్ ఒడ్డున ఇందులో సగానికే ఎంతటి మబ్బైనా కుక్కపిల్లలా వెనక వచ్చేది. ఇది నన్ను ఈగను చూసినట్టు కూడా చూడలేదు. నా మీద నుంచే నడుచుకుంటూ పోయింది, పోతూ పోతూ నిలువునా తడిపింది. కింది బీడులో మొదటి రాళ్ళు పడ్డాయి. గడ్డి ఎగిరెగిరి పడటం పైనుంచి కనబడుతోంది. చర్చి గంట మొదలైంది. "వినవే, దిక్కుమాలినదానా, వినవే!" అని ఏడుస్తూ అరిచాను.

వెనక అడుగుల చప్పుడైంది.

మిల్లు తలుపు ఊడదీసి, దాని మీద పాలాగను కోటు తొడిగి పడుకోబెట్టి నలుగురు మోసుకొస్తున్నారు. ముందు మూల పట్టింది మీత్రు. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, ఉరుము ఉరుముకూ "అమ్మో" అంటూ, అయినా మూల వదలకుండా నడుస్తున్నాడు. పాలాగ ముఖం నొప్పితో తెల్లబడి ఉంది. మోచేతి మీద లేచి చెయ్యి చాపింది. కళ్ళెం ఇచ్చేశాను.

పిలుపు లేదు, మంత్రం లేదు. ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"ఏయ్! ఎటు పోతున్నావ్? నీ అబ్బ సొమ్మా అది? ఇటు చూడు. ఇటు, నాకేసి!"

మబ్బు ఆగింది. మేమందరం చూశాం, నలుగురూ సాక్ష్యం. కొండంత మబ్బు, దొంగమేతకు పోయి దొరికిన ఆవులా, ఉన్నచోట ఆగిపోయింది. గాలి తిరిగింది. పాలాగ కళ్ళెం మెల్లగా తన వైపు లాక్కుంటూ, "ఆ, అలా, అటు పో, రాళ్ళ మీదికి పో" అంటూనే ఉంది. అది ఒళ్ళు విరుచుకుని, లోయ దాటి, రాళ్ళ గుట్ట మీదికి వెళ్ళి అక్కడ తన కడుపులో ఉన్నదంతా దిమ్మరించింది. చప్పుడు చాలాసేపు వినబడింది. ఊరి మీద ఎండ పడింది. గంట ఆగింది.

తలుపును గడ్డి మీద దింపారు. పాలాగ నన్ను చూసింది. తల నుంచి నీళ్ళు కారుతూ, ముక్కు ఎర్రబడి, కోడిపిల్లలా నిలబడి ఉన్నాను. ఆమె కోటు మీద చుక్క పడలేదు. చెయ్యి చాపి రమ్మంది. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ రోజు సవేత అవ్వ చేసినట్టే, నా భుజం మీద అరచెయ్యి వేసి నొక్కింది. నీళ్ళు ఆమె వేళ్ళ సందుల్లోంచి కారాయి.

"తడిసింది," అంది.

"తడిసిందే!" అన్నాను. "తడిసింది, తడిసింది, చూశావా ముసలిదానా, అప్పుడూ తడిసింది!" ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, నవ్వాం, మళ్ళీ ఏడ్చాం. ఓడినందుకు అంత సంతోషపడ్డ మనిషి ఈ భూమ్మీద నేను తప్ప ఉండదు.

మీత్రు అప్పుడు కళ్ళు తెరిచాడు. "వానలో నిలబడితే తడవదా మరి? దానికింత ఏడుపేంటి?" అన్నాడు.

పాలాగ ముక్కు తుడుచుకుని, తలుపు మీద సర్దుకుని పడుకుంది. కిందికి మోసుకుపొమ్మని సైగ చేసింది. నాలుగడుగులు వేశారో లేదో, తల తిప్పి నన్ను కేకేసింది.

"ఏమే, కింది బీడు గడ్డి నీ కాపలాలోనే తడిసింది. తడిపినవాళ్ళే ఆరబెట్టాలి, గుర్తుందిగా!"

గుర్తులేకపోవడమేం! మర్నాడు పొద్దున్నే పంగలకర్ర పట్టుకుని వెళ్ళాను. ఆ గడ్డినంతా నేనొక్కదాన్నే తిరగేశాను, ఊరందరూ చూసేలా.